ఢిల్లీ సంతకం, జిల్లా కోర్టు గడప



కొన్నేళ్ల కిందట జగిత్యాల వైపు నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్లు దుబాయ్‌లో పనిచేసిన మనిషి. చెల్లెలి పెళ్లి కోసం అక్కడి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. తర్వాత పని పోయింది, జీతం ఆగింది, వీసా గడువు తీరింది. ఇంటికి వచ్చేశాడు. అప్పు మాత్రం తీరలేదు. కుర్చీ అంచున కూర్చుని రెండే రెండు ప్రశ్నలు అడిగాడు. "వకీల్‌సాబ్, దుబాయ్ బ్యాంకోళ్లు మా ఊరి దాకా రాగలుగుతరా? కట్టకపోతే నన్ను జైల్ల పెడ్తరా?"

ఆ రెండు ప్రశ్నల వెనకా రెండు అంతర్జాతీయ పత్రాలున్నాయి. ఒకటి 1999లో భారత్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ చేసుకున్న న్యాయ సహకార ఒప్పందం. రెండోది 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక. అయితే ఆ పత్రాలు చేతపట్టుకుని జిల్లా కోర్టు మెట్లెక్కితే సరిపోదు. జడ్జిగారు మొదట అడిగేది ఒకటే: "ఇది మన చట్టంలో ఎక్కడుంది?" ఈ సాయంత్రం మీతో మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

మొదట బ్యాంకు సంగతి చూద్దాం. పరాయి దేశపు కోర్టు ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకునే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్‌లో ఉంది. కాకపోతే ఆ దేశం పరస్పరం డిక్రీలను గౌరవించే ప్రాంతమని కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించి ఉండాలి. ఎమిరేట్స్‌తో ఒప్పందం కుదిరింది 1999లో. ఆ గెజెట్ ప్రకటన వచ్చింది 2020 జనవరిలో. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఈ ఇరవై ఏళ్లూ ఒప్పందం ఉంది. దుబాయ్ బ్యాంకు అక్కడి డిక్రీని నేరుగా తెచ్చి మన జిల్లా కోర్టులో ఈపీ, అంటే అమలు పిటిషన్, వేసే దారి మాత్రం లేదు. గెజెట్‌లో ఆ ప్రకటన అచ్చయ్యాక దారి తెరుచుకుంది. ఇప్పుడు అక్కడి సివిల్ కోర్టు డిక్రీ వస్తే, ఇక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీలాగే దాన్ని అమలు చేయవచ్చు. ఇంటికి అమీను రావచ్చు, ఆస్తి జప్తు కావచ్చు. అయితే ఒక రక్షణ ఉంది. ప్రతివాది మాట వినకుండా, కేసు మంచిచెడ్డలు చూడకుండా ఇచ్చిన డిక్రీ అయితే 13వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పుకోవచ్చు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన చాలామందికి ఈ రెండు సంగతులూ తెలియవు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. అమెరికాలో ఉన్నవారి బంధువులు కూడా ఇది వినాలి. గెజెట్‌లో అలా ప్రకటించిన దేశాల జాబితాలో అమెరికా లేదు. అక్కడి డిక్రీ పట్టుకొచ్చినా ఇక్కడ దాని ఆధారంగా కొత్తగా దావా వేయాల్సిందే.

ఇక జైలు ప్రశ్న. దీని జవాబు కొచ్చిన్‌లో మొదలైన ఒక కేసులో ఉంది. ఒక బ్యాంకుకు కొందరు అప్పుపడ్డారు. బ్యాంకు డిక్రీ తెచ్చుకుంది. వాళ్ల స్థిరాస్తులన్నీ అప్పటికే జప్తులో ఉన్నాయి. అయినా 1979లో వాళ్లను అరెస్టు చేసి సివిల్ జైలుకు పంపమని వారెంటు పుట్టింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అదే ఏడాది ఏప్రిల్‌లో భారతదేశం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. అందులో 11వ అధికరణం చెప్పేది సూటిగా ఉంటుంది: ఒప్పందం ప్రకారం చెల్లించాల్సింది చెల్లించే శక్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఖైదు చేయకూడదు.

అప్పుపడ్డవారి తరఫు వకీళ్లు ఈ అధికరణాన్ని చూపారు. 1980 ఫిబ్రవరిలో తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ మొదట ఒక గీత గీశారు. ఒడంబడికలో చేరినంత మాత్రాన అది మన చట్టం అయిపోదు, పార్లమెంటు దాన్ని చట్టంగా మలచాలి, అప్పటిదాకా కోర్టును కట్టిపడేసేది మన సివిల్ ప్రొసీజర్ కోడే అన్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ అప్పులవాళ్లు జైలుకు వెళ్లేవారు. ఆయన అక్కడితో ఆగలేదు. కోడ్‌లోని 51వ సెక్షన్‌ను మళ్లీ చదివారు. డబ్బుండీ కట్టనివాణ్ని జైలుకు పంపవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. ఒకప్పుడు డబ్బుండి ఇప్పుడు లేనివాడి మాటేమిటి? రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కునూ, మన దేశం ప్రపంచం ముందు ఇచ్చిన మాటనూ పక్కన పెట్టుకుని ఆ సెక్షన్‌కు అర్థం చెప్పారు. కట్టలేకపోవడం వేరు, కట్టకుండా ఎగ్గొట్టడం వేరు. మోసబుద్ధి ఉందని తేలితే తప్ప జైలు కూడదన్నారు. ఈ దేశంలో పేదవాడై ఉండడం నేరం కాదని ఆ తీర్పులో స్పష్టంగా రాశారు.

జగిత్యాల మనిషికి నేను చెప్పింది కూడా అదే. బ్యాంకు నీ ఇంటి దాకా రావచ్చు. కానీ నిజంగా చేతిలో లేనివాణ్ని సివిల్ జైలుకు పంపమని అడిగితే కోర్టు ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి కారణం ఈ కొచ్చిన్ తీర్పు. అప్పటి నుంచి మన జిల్లా కోర్టుల్లో అరెస్టు ఈపీ వేసిన ప్రతివాడూ ఎదుటివాడికి చెల్లించే స్తోమత ఉందని రుజువు చేయాల్సి వస్తోంది. న్యూయార్క్‌లో రాసుకున్న ఒక వాక్యం అలా తిరిగి తిరిగి మన మున్సిఫ్ కోర్టుల దాకా వచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దలు అంటారు. అంతర్జాతీయ ఒప్పందాల విషయంలో మన దేశంలో పూజారి ఎవరో చెబుతాను. ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్రానిది. ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర జాబితాలో 14వ అంశంగా ఆ మాట ఉంది. విదేశాంగ శాఖ మాట్లాడుతుంది, మంత్రివర్గం ఆమోదిస్తుంది, రాష్ట్రపతి పేరిట ధ్రువీకరణ పత్రం వెళుతుంది. దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. కానీ ఆ ఒప్పందం పౌరుడి హక్కును మార్చాలన్నా, పన్ను తగ్గించాలన్నా, శిక్ష విధించాలన్నా చట్టం కావాలి. ఆ చట్టం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది, రాష్ట్రాల జాబితాలోని విషయమైనా సరే. ఇవి గాక 51వ అధికరణం ఒకటుంది. అంతర్జాతీయ చట్టం పట్ల, ఒప్పందాల బాధ్యతల పట్ల గౌరవం పెంపొందించాలని అది రాజ్యాన్ని కోరుతుంది. ఆదేశిక సూత్రం గనక దాని ఆధారంగా కోర్టుకెళ్లి నేరుగా అమలు కోరలేం. కానీ న్యాయమూర్తుల మనసులో అది ఎప్పుడూ ఒక దీపంలా వెలుగుతూనే ఉంది.

దేశాలన్నీ ఇదే దారిలో నడవవు. నెదర్లాండ్స్‌లో ప్రజలను కట్టిపడేసే ఒప్పంద నిబంధన నేరుగా కోర్టులో చెల్లుతుంది, దానికి విరుద్ధమైన దేశీయ చట్టం పక్కకు తప్పుకోవాలి. అమెరికా రాజ్యాంగం ఒప్పందాలను దేశపు అత్యున్నత చట్టంలో భాగమంటుంది. అయినా 2008లో ఒక మెక్సికో పౌరుడి మరణశిక్ష కేసులో, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు తనంత తానుగా టెక్సస్ కోర్టులను కట్టిపడేయదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో అతన్ని విషపు సూదితో చంపేశారు. రాజ్యాంగంలో ఏమి రాసుకున్నా చివరి గడప దేశం లోపలే ఉంటుందని ఆ కేసు చెబుతోంది. మన దారి ఇంగ్లండు నుంచి వచ్చింది. దేశాల మధ్య నడిచే చట్టం ఒకటి, దేశం లోపల నడిచే చట్టం ఇంకొకటి, ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి రావాలంటే చట్టసభ తలుపు తీయాలి. న్యాయశాస్త్రంలో దీన్ని ద్వంద్వవాదమంటారు. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. దేశం లోపల చట్టం చేయలేదు గనక మాకు బాధ్యత లేదని ఇంకో దేశం ముందు చెప్పడానికి వీల్లేదు. ఒప్పందాల చట్టంపై 1969 వియన్నా ఒడంబడిక 27వ అధికరణం ఈ మాటే చెబుతుంది. అంటే బయట ఇచ్చిన మాట బయట కట్టుబడే ఉంటుంది. లోపల మాత్రం పౌరుడి చేతికి రాదు. ఈ రెంటి మధ్యనున్న ఎడం ఎంతో, పౌరుడి నష్టం అంత.

మన తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక న్యాయమూర్తి ఈ విషయంలో ఎంతో స్పష్టంగా మాట్లాడారు. ఆయన అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి. 1984లో ఆయన ముందుకొచ్చిన కేసు క్యాసెట్లది. ఆ రోజుల్లో పాటల క్యాసెట్లకు ఎంత గిరాకీ ఉండేదో నాతోటివారికి గుర్తుండే ఉంటుంది. సింగపూర్ నుంచి ఓడలో కలకత్తా రేవుకు క్యాసెట్లు వచ్చాయి. అవి మన దేశంలో అమ్మడానికి కాదు, నేపాల్‌కు వెళ్లాలి. నేపాల్‌కు సముద్రం లేదు. మన భూమి మీదుగా సరుకు తెచ్చుకునే హక్కును ఒప్పందం ద్వారా మనం ఇచ్చాం. ఆ క్యాసెట్లలో తమ పాటలను దొంగతనంగా కాపీ చేశారని గ్రామఫోన్ కంపెనీ ఫిర్యాదు. కాపీరైటు చట్టం దొంగ కాపీలను దేశంలోకి దిగుమతి చేయకూడదంటుంది. దారిలో పోతున్న సరుకు దిగుమతి అవుతుందా? ఒప్పందం ఒకవైపు, చట్టం ఒకవైపు నిలబడ్డట్టు కనిపించింది.

చిన్నపరెడ్డిగారు చెప్పింది ఇది. దేశాలు పరస్పరం పాటించే అంతర్జాతీయ నియమాలను మన చట్టంలోకి తీసుకోవచ్చు, దానికి ప్రత్యేకంగా చట్టం లేకపోయినా సరే. కానీ పార్లమెంటు చేసిన చట్టంతో అవి ఢీకొంటే పార్లమెంటు మాటే గెలుస్తుంది, ఎందుకంటే ఈ గణతంత్రం సార్వభౌమత్వం అక్కడుంది. అయితే ఢీకొట్టించడానికి తొందరపడకూడదు, రెండూ పొసిగే అర్థం ఉందేమో ముందు వెతకాలి. ఆ కేసులో ఆయన వెతికారు. నేపాల్ ఒప్పందంలోనే మేధోసంపత్తిని కాపాడుకునే చర్యలకు చోటు ఉందని కనిపించింది. కాబట్టి దారిలో పోయే సరుకైనా సరే దేశంలోకి తేవడమంటే దిగుమతే, దొంగ కాపీలను ఆపవచ్చు అన్నారు. ఒప్పందమూ నిలిచింది, చట్టమూ నిలిచింది. లా కాలేజీల్లో ఈ కేసును అందరూ చదువుతారు. దాన్ని రాసింది మన వాడేనని చాలామందికి తెలియదు.

కృష్ణయ్యర్, చిన్నపరెడ్డి వేసిన ఈ బాటలో అతి పెద్ద అడుగు 1997లో పడింది. దాని వెనక రాజస్థాన్‌లోని భటేరి అనే పల్లె ఉంది. అక్కడ ఒక మహిళ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ కార్యకర్తగా, పనిచేసేది. బాల్యవివాహాలు ఆపడం ఆమె పనిలో భాగం. ఒక పసిపాప పెళ్లిని ఆపబోయింది. ఆ కక్షతో 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. కింది కోర్టులో అత్యాచారం ఆరోపణ నిలవలేదు. ఆమె అనుభవించిన అన్యాయం చూసి విశాఖ అనే సంస్థ, మరికొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లి వేరే ప్రశ్న అడిగాయి: పనిచేసే చోట ఆడవాళ్లకు రక్షణ ఏది? దేశంలో ఆ రక్షణ ఇచ్చే చట్టం లేదు. ఒక్క సెక్షన్ కూడా లేదు.

కానీ ఒక అంతర్జాతీయ పత్రం ఉంది. మహిళలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒడంబడికను భారత్ 1980లో సంతకం చేసి 1993లో ధ్రువీకరించింది. ఉద్యోగంలో సమానత్వమంటే పనిచేసే చోట లైంగిక వేధింపులు లేకపోవడం కూడా అనే అర్థాన్ని ఆ ఒడంబడికను పర్యవేక్షించే కమిటీ అప్పటికే ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్.వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్.కిర్పాల్ ధర్మాసనం 1997 ఆగస్టు 13న తీర్పిచ్చింది. దేశంలో చట్టం లేని చోట, రాజ్యాంగ హక్కులతో పొసిగే అంతర్జాతీయ ఒడంబడికను ఆ హక్కుల్లోకి చదువుకోవచ్చని చెప్పింది. 14, 15, 19, 21 అధికరణాలకు ఆ అర్థం ఇచ్చి, పార్లమెంటు చట్టం చేసేదాకా పాటించాల్సిన మార్గదర్శకాలు రాసింది. ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలుండాలి, బయటి వ్యక్తి ఒకరుండాలి. ఇవన్నీ అప్పుడే వచ్చాయి.

నేను ఈ తీర్పును గౌరవిస్తాను. కానీ దాన్ని చదివినప్పుడల్లా నాకు బాధ కూడా కలుగుతుంది. ఒడంబడిక ధ్రువీకరించింది 1993లో. తీర్పు 1997లో. పార్లమెంటు చట్టం చేసింది 2013లో. ఇరవై ఏళ్లు. ఈ మధ్యలో ఎన్ని ఆఫీసుల్లో, ఎన్ని ఫ్యాక్టరీల్లో, ఎన్ని బడుల్లో ఆడవాళ్లు నోరు మూసుకుని పనిచేశారో ఎవరు లెక్కపెట్టగలరు? భటేరి మహిళ చేసిన పోరాటం దేశంలోని ఆడవాళ్లందరికీ రక్షణ తెచ్చింది, ఆమెకు తన కేసులో న్యాయం తేలేదు. మాట ఇచ్చిన సర్కారు తన మాటను ఇంట్లో చట్టం చేసుకోవడానికి ఇరవై ఏళ్లు తీసుకోవడం నాకు ఎప్పటికీ సమర్థనీయంగా అనిపించదు.

ఇంతవరకు నేను చెప్పినవి చట్టం లేకపోవడం వల్ల వచ్చిన కష్టాలు. ఇక చట్టం ఎలా రాశామన్న దాంట్లో ఎంత ఉందో చూద్దాం. దీనికి హైదరాబాద్ నుంచే ఉదాహరణ దొరుకుతుంది.

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. దానితో మేధోసంపత్తి ఒప్పందం, అంటే ట్రిప్స్, వచ్చింది. అప్పటిదాకా మన 1970 పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది, మందుకు ఇచ్చేది కాదు. హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ పెరగడానికి ఆ చట్టం పెద్ద కారణం. ట్రిప్స్ మందుకే పేటెంటు ఇమ్మంది. పదేళ్ల గడువిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం సవరించింది. ఇక మందులు సామాన్యుడికి అందవని చాలామంది భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే.

కానీ సవరణ రాసేటప్పుడు పార్లమెంటు ఒప్పందంలో మిగిలి ఉన్న చోటంతా వాడుకుంది. 3(డి) సెక్షన్‌లో, పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే, అది జబ్బు నయం చేయడంలో నిజంగా మెరుగని రుజువు చేయాలని రాసింది. రక్త క్యాన్సర్ మందు గ్లీవెక్‌పై స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ ఈ సెక్షన్‌నే సవాలు చేసింది. ట్రిప్స్‌కు ఇది విరుద్ధమన్న వాదనపై మద్రాసు హైకోర్టు 2007లో ఇచ్చిన జవాబు మన ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది: దేశాల మధ్య ఒప్పందం తప్పిందో లేదో తేల్చే చోటు ప్రపంచ వాణిజ్య సంస్థ, ఈ కోర్టు కాదు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంటు నిరాకరణను నిలబెట్టింది.

దానికి ముందే, 2012 మార్చిలో ఇంకొకటి జరిగింది. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ అనే మందు అప్పట్లో బేయర్ కంపెనీ పేటెంటులో ఉండేది. నెల మందు ఖరీదు రెండు లక్షల ఎనభై వేలు. మామూలు మనిషికి ఆ ధర ఎక్కడిది? ఇల్లు అమ్మినా ఏడాది సరిపోదు. హైదరాబాద్ కంపెనీ నాట్కో, పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ కింద తప్పనిసరి లైసెన్సు అడిగింది. ప్రజలకు అందే ధరలో మందు దొరకడం లేదన్నది ప్రధాన కారణం. పేటెంట్ల కంట్రోలర్ లైసెన్సు ఇచ్చారు. నెల మందు తొమ్మిది వేలకు లోపే దొరకసాగింది. మన దేశంలో ఇచ్చిన మొదటి తప్పనిసరి లైసెన్సు అది. ట్రిప్స్ ఒప్పందంలోనే దానికి చోటుంది, ప్రజారోగ్యం కోసం దేశాలు ఆ చోటు వాడుకోవచ్చని 2001 దోహా ప్రకటన మళ్లీ స్పష్టం చేసింది. కానీ ఆ చోటును 84వ సెక్షన్‌గా మన చట్టంలో రాసి పెట్టుకోకపోయి ఉంటే నాట్కో ఏ తలుపు తట్టేది?

రైతు విషయంలోనూ అంతే. మొక్కల రకాలకు ఏదో ఒక రక్షణ ఇవ్వాలని ట్రిప్స్ అడిగింది, ఎలా ఇవ్వాలన్నది దేశాలకే వదిలింది. 2001లో మనం చేసిన చట్టం పేరులోనే రైతుల హక్కులు అనే మాట ఉంది. 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు కూడా, బ్రాండు పేరు పెట్టకపోతే చాలు. కంపెనీ చెప్పినంత దిగుబడి రాకపోతే పరిహారం అడగవచ్చు. ఈ మాట మన పత్తి రైతులు ఎంతమందికి చేరింది? వ్యవసాయ శాఖ వాళ్లు గ్రామసభల్లో చదివి వినిపించాల్సిన సెక్షన్ అది.

దేశపు భూమిని ఇంకో దేశానికి ఇచ్చే విషయంలో మాత్రం చట్టం కూడా చాలదు, రాజ్యాంగాన్నే సవరించాలి. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ కుదుర్చుకున్న ఒప్పందంలో బెరుబారి ప్రాంతంలో సగం తూర్పు పాకిస్తాన్‌కు పోవాలి. రాష్ట్రపతి అభిప్రాయం అడిగితే 1960లో సుప్రీంకోర్టు రాజ్యాంగ సవరణ తప్పదంది. 2015లో బంగ్లాదేశ్‌తో ఇటు 111, అటు 51 భూఖండాలు మార్చుకున్నప్పుడూ వందో సవరణ చేశాకే మార్చుకున్నారు. ఆ భూఖండాల్లో ఏ దేశమూ లేకుండా బతికిన మనుషులకు ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి ఒక దేశం దొరికింది.

పరాయి దేశంలో పట్టుబడ్డ మన వాళ్ల సంగతి కూడా చెప్పాలి. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో కొందరు అక్కడి జైళ్లలో ఉంటారు. కాన్సులర్ సంబంధాలపై 1963 వియన్నా ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని రాయబార కార్యాలయానికి ఆలస్యం చేయకుండా చెప్పాలి, ఆ హక్కు ఉందని అతనికి కూడా చెప్పాలి. పాకిస్తాన్ సైనిక కోర్టు శిక్ష వేసిన భారతీయుడు కులభూషణ్ జాదవ్ కేసులో ఆ దేశం ఈ అధికరణాన్ని ఉల్లంఘించిందని హేగ్ న్యాయస్థానం 2019 జులై 17న తీర్పిచ్చింది. శిక్షను పునఃపరిశీలించమంది. అయితే పునఃపరిశీలన జరగాలంటే పాకిస్తాన్ సైనిక కోర్టు తీర్పుపై హైకోర్టుకు వెళ్లే దారి వాళ్ల చట్టంలో ఉండాలి. దానికోసం 2020లో ఆర్డినెన్సు, 2021లో చట్టం తెచ్చారు. హేగ్‌లో గెలిచినా చివరికి ఇస్లామాబాద్ పార్లమెంటు తలుపు దగ్గరే ఆగాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా విదేశాలకు పోతుంటే ఈ 36వ అధికరణం సంగతి వాళ్లకు చెప్పి పంపండి. పట్టుకున్న క్షణంలో "మా ఎంబసీకి చెప్పండి" అన్న ఒక్క మాట ప్రాణం కాపాడవచ్చు.

ఇప్పుడు నా మనసులోని మాట చెబుతాను. మన దేశంలో ఒప్పందం చేసుకునేటప్పుడు పార్లమెంటు ముందు పెట్టాలన్న నిబంధన లేదు. అమెరికాలో సెనేట్ మూడింట రెండొంతుల ఆమోదం కావాలి. ఇంగ్లండులో 2010 చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు పార్లమెంటు ముందు ఇరవై ఒక్క సమావేశ దినాలు ఉంచాలి. మనం ఇంగ్లండు పద్ధతి తెచ్చుకున్నాం గానీ, వాళ్లు ఆ పద్ధతిని బాగుచేసుకున్నాక మనం బాగుచేసుకోలేదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, అయినా వ్యవసాయంపై ప్రపంచ వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు రాష్ట్రాల మాటకు చోటు లేదు. ఒప్పందం చేసుకునే ముందే చర్చ జరిగితే, ఎలాంటి చట్టం కావాలో, ఎన్నాళ్లలో కావాలో అప్పుడే తేలుతుంది. ఇలా ముందే ఇంటిని చక్కబెట్టుకుని మాట ఇచ్చిన సందర్భాలు మనకున్నాయి. బాలకార్మికుల చట్టాన్ని 2016లో సవరించాకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒడంబడికలను 2017 జూన్‌లో ధ్రువీకరించాం. చేతనైన పనే గనక చేయమని అడుగుతున్నాను.

చేయని పని ఒకటుంది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి 1984లో ఆమోదించిన ఒడంబడికపై భారతదేశం 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది. ధ్రువీకరించాలంటే చిత్రహింసను నేరంగా నిర్వచించే చట్టం కావాలి. 2010 మే నెలలో లోక్‌సభ ఒక బిల్లును ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. తర్వాత అది మురిగిపోయింది. లా కమిషన్ 2017లో తన 273వ నివేదికలో ధ్రువీకరించమని చెప్పి, బిల్లు ముసాయిదా కూడా రాసిచ్చింది. ఆ ఒడంబడికను ధ్రువీకరించకపోవడం వల్ల బయటి దేశాల్లో మనకు నష్టం జరుగుతోంది. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుణ్ని అప్పగించమని అడిగితే 2011లో డెన్మార్క్ కోర్టు కాదంది, భారత్‌లో అతనికి చిత్రహింస ప్రమాదం ఉందని. ఇంట్లో ఠాణాలో దెబ్బలు తిన్న పేదవాడి నష్టం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అతని కోసం మాట్లాడడానికి డెన్మార్క్ కోర్టు ఉండదు. మన చట్టమే ఉండాలి.

శ్రోతలారా, మీ నియోజకవర్గం ఎంపీ మీ ఊరికి వచ్చినప్పుడు రోడ్డు గురించి, నీళ్ల గురించి అడుగుతారు, అడగాలి కూడా. వాటితోపాటు ఈ ఒక్కటీ అడగండి. 1997లో పెట్టిన ఆ సంతకానికి చట్టం ఎప్పుడు చేస్తారని అడగండి. సంతకం పెట్టి పాతికేళ్లు దాటింది. ఒడంబడికను ఇప్పటికీ ధ్రువీకరించలేదు.